కాలేయం తలుపు తట్టే హిస్టమిన్

కొత్తపట్నంలోనో, మైపాడులోనో, జువ్వలదిన్నెలోనో పొద్దున్నే పడవలు ఒడ్డుకు చేరాక కానాగంతలు, కవళ్లు, సూరలు గంపల్లోకి మారతాయి. ఐసు సరిపడా వేసిన గంపకూ వేయని గంపకూ మధ్యాహ్నానికి పైకి పెద్ద తేడా కనిపించకపోవచ్చు. వాసన కూడా పట్టివ్వకపోవచ్చు. తేడా తెలిసేది తిన్నాకే. గంట గడిచేలోపు ముఖం ఎర్రబారుతుంది, చెవులు వేడెక్కుతాయి, తలనొప్పి, గుండె దడ మొదలవుతాయి. కొందరికి ఒంటి మీద దద్దుర్లు, విరేచనాలు కూడా. కొన్ని గంటల్లో అన్నీ సర్దుకుంటాయి. "నాకు ఈ చేప పడదు" అని ఆ మనిషి అప్పటినుంచి కానాగంతల జోలికి పోడు.

ఆ మాట చాలాసార్లు తప్పు. పడనిది చేప కాదు, ఆ చేపలో అప్పటికే తయారై ఉన్న హిస్టమిన్. కానాగంత, సూర లాంటి చేపల కండలో హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం విడిగా, పెద్ద మొత్తంలో ఉంటుంది. చేప చచ్చాక చల్లగా ఉంచకపోతే మోర్గనెల్లా లాంటి బ్యాక్టీరియా ఆ హిస్టిడిన్ నుంచి ఒక కార్బన్ డయాక్సైడ్ ముక్కను తుంచేస్తాయి. మిగిలేది హిస్టమిన్. ఒకసారి తయారయ్యాక అది వేడికి లొంగదు. పులుసు ఎంతసేపు మరిగినా, చింతపండు ఎంత పిండినా, మామిడి ముక్కలు వేసినా బ్యాక్టీరియా చస్తుందేగానీ హిస్టమిన్ పోదు. అంతర్జాతీయ ఆహార ప్రమాణాల్లో కిలో చేపకు 200 మిల్లీగ్రాములు దాటకూడదని పరిమితి పెట్టింది ఇందుకే. నెల్లూరు చేపల పులుసు మర్నాటికి ఇంకా రుచి అంటారు. ఆ రుచి మీద అనుమానం అక్కర్లేదు. చేప గిన్నెలో పడకముందు ఎండలో గడిపిన గంటల మీదే ఉండాలి.

రొయ్యలు పడకపోవడం ఇలాంటిది కాదు. అక్కడ ఒంట్లోని రక్షణ వ్యవస్థ రొయ్యలోని ఒక ప్రొటీన్‌ను శత్రువుగా గుర్తుపెట్టుకుంటుంది. ఆ ప్రొటీన్ మళ్లీ ఎదురైనప్పుడు రక్షణ వ్యవస్థకే చెందిన మాస్ట్ కణాలు తమ సంచుల్లో దాచుకున్న హిస్టమిన్‌ను కుమ్మరిస్తాయి. అంటే అది మన సొంత సరుకు. చెడిన చేపది బయటి సరుకు. రెండింటికీ సెట్రిజిన్ అనే ఎలర్జీ మాత్రే ఇస్తారు కాబట్టి మెడికల్ షాపు కౌంటరు దగ్గర రెండూ ఒకటే అయిపోయాయి. హిస్టమిన్ అనగానే దురద, తుమ్ములు, దద్దుర్లు మాత్రమే గుర్తురావడం కూడా అక్కడినుంచి వచ్చిన అలవాటే. 1907లో ప్రయోగశాలలో తయారై, 1910లో హెన్రీ డేల్, లైడ్లా అనే శాస్త్రవేత్తల చేతుల్లో దాని ప్రభావాలు బయటపడ్డప్పటినుంచి ఈ అణువును ఎక్కువగా ఉపద్రవం తెచ్చేదిగానే చూశారు. కాలేయ కణం వైపు నుంచి చూస్తే కథ వేరు. కాలేయానికి హిస్టమిన్ ఒక కబురు. ఎప్పుడొచ్చింది, ఎంత వచ్చింది, ఏ తలుపు తట్టింది అన్నదాన్ని బట్టి దానికి అర్థం మారుతుంది.

తిన్నదాంట్లో కొవ్వులో చాలా భాగం తప్ప మిగతాది నేరుగా గుండెకు పోదు. పేగుల నుంచి రక్తమంతా పోర్టల్ సిరలో కలిసి ముందు కాలేయానికి చేరుతుంది. కాలేయానికి వచ్చే రక్తంలో దాదాపు ముప్పావు భాగం ఈ దారిలో వచ్చేదే. పెన్నా నీళ్లు సోమశిల దగ్గర ఆగి, లెక్క ప్రకారం కిందికి వదిలినట్టు, పేగుల్లోంచి వచ్చిన పోషకాలు, విషాలు, హార్మోన్లు చాలావరకు కాలేయంలో తనిఖీ అయ్యాకే మిగతా ఒంటికి పోతాయి. హిస్టమిన్‌కూ ఇదే దారి.

అయితే మొదటి కాపలా పేగు గోడలోనే ఉంది. డయామిన్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ అక్కడ హిస్టమిన్‌ను ఎప్పటికప్పుడు విరిచేస్తూ ఉంటుంది. మామూలుగా చేప ముక్కలో, పులిసిన పిండిలో, పెరుగులో వచ్చే కొద్దిపాటి హిస్టమిన్ ఆ గడప దాటదు. కాపలా బలహీనపడితేనే చిక్కు. క్షయ రోగులు వేసుకునే ఐసోనియజిడ్ మాత్ర ఈ ఎంజైమ్‌కు అడ్డు తగులుతుంది. 1970ల చివర్లో శ్రీలంకలో ఐసోనియజిడ్ వాడుతున్న క్షయ రోగులకు సూర చేప తిన్నాక ముఖం ఎర్రబారడం, తలనొప్పి, దడ వచ్చినట్టు వైద్యులు నమోదు చేశారు. చేపే ముఖ్య ఆహారమైన మన తీర గ్రామాల్లో టీబీ మందులు ఇచ్చేటప్పుడు ఈ ఒక్క మాట తప్పకుండా చెప్పాలి. లేకపోతే రోగి ఆ బాధను మందు పడకపోవడం అనుకుని కోర్సు మధ్యలో ఆపేసే ప్రమాదం ఉంది. చేపకు సరైన ఐసు ఉంటే అసలు రాని ఇబ్బంది, ఆరు నెలల చికిత్సను చెడగొట్టగలదు.

గడప దాటి కాలేయం చేరిన హిస్టమిన్ ఏం చేస్తుంది? ముందు తలుపుల సంగతి. హిస్టమిన్ కబురు అందుకోవడానికి కణం పై పొరలో ఉండే ప్రొటీన్లను గ్రాహకాలు అంటారు. ఇప్పటిదాకా నాలుగు రకాలు తెలుసు: హెచ్1, హెచ్2, హెచ్3, హెచ్4. కడుపులో ఆమ్లం ఊరేది హెచ్2 వల్ల. హెచ్3 ఎక్కువగా మెదడులో, హెచ్4 ఎక్కువగా రక్షణ కణాల్లో ఉంటాయి. కాలేయ కణంలోని చక్కెర, కొవ్వు లెక్కల విషయానికి వస్తే ముఖ్యంగా చూడాల్సింది హెచ్1నే.

హిస్టమిన్ వచ్చి హెచ్1కు అతుక్కోగానే ఆ ప్రొటీన్ ఆకారం కాస్త మారుతుంది. లోపలివైపు ఆనుకుని ఉన్న జీక్యూ అనే ప్రొటీన్ మేలుకుంటుంది. అది ఫాస్ఫోలైపేజ్ సి అనే ఎంజైమ్‌ను తట్టిలేపుతుంది. ఆ ఎంజైమ్ కణం పొరలోనే ఉన్న ఒక కొవ్వు అణువును రెండు ముక్కలు చేస్తుంది. ఒక ముక్క పొరలోనే ఉండిపోయి ప్రొటీన్ కైనేజ్ సి అనే మరో ఎంజైమ్‌ను పనిలోకి దించుతుంది. ఐపీ3 అనే రెండో ముక్క కణద్రవంలోకి జారి, లోపలి గిడ్డంగి లాంటి ఎండోప్లాస్మిక్ రెటిక్యులం దగ్గరకు పోయి, అక్కడి కాల్షియం తూములు తెరుస్తుంది.

ఇక్కడ కాస్త ఆగి చూడాలి. విశ్రాంతిలో ఉన్న కణద్రవంలో కాల్షియం అత్యల్పం. బయటి రక్తంలో ఉన్నదానితో పోలిస్తే పదివేలో వంతు మాత్రమే. కణం ఎంతో శక్తి ఖర్చుపెట్టి దాన్ని అంత తక్కువలో ఉంచుతుంది. ఎందుకు? లోపల నిశ్శబ్దంగా ఉంటేనే చిన్న చప్పుడు కూడా వినిపిస్తుంది కాబట్టి. తూములు తెరుచుకున్న క్షణంలో కాల్షియం కొన్ని రెట్లు పెరుగుతుంది, వెంటనే మోటార్లు పెట్టి తోడినట్టు తిరిగి గిడ్డంగిలోకి పోతుంది, మళ్లీ పెరుగుతుంది. ఇలా అలలు అలలుగా వస్తుంది. కబురు బలంగా ఉంటే అలలు వెంటవెంటనే వస్తాయి, బలహీనంగా ఉంటే ఆగి ఆగి వస్తాయి. కబురు ఎంత బలమైనదో కాలేయ కణానికి తెలిసేది ఆ అలల లయలోనే.

ఆ లయను వినేది ఫాస్ఫోరిలేజ్ కైనేజ్. కాల్షియంను పట్టుకునే కాల్మోడ్యులిన్ అనే ప్రొటీన్ ఈ ఎంజైమ్‌లో ఒక అవయవంలా కలిసే ఉంటుంది. కాల్షియం రాగానే ఇది చురుకై గ్లైకోజెన్ ఫాస్ఫోరిలేజ్‌ను పనిలోకి దించుతుంది. చక్కెర గింజల గొలుసులా కాలేయంలో మూటగట్టి దాచిన గ్లైకోజెన్ అక్కడినుంచి ఒక్కో గింజగా రాలడం మొదలవుతుంది. చివరి ఎంజైమ్ ఫాస్ఫేటును ఊడదీసి గ్లూకోజ్‌ను రక్తంలోకి వదులుతుంది. కండరాల్లో కూడా గ్లైకోజెన్ ఉంటుంది కానీ ఈ చివరి ఎంజైమ్ లేదు. అందుకే కండరం తన చక్కెర తానే వాడుకోవాలి. కాలేయం మాత్రం ఊరందరికీ వదలగలదు. సోమశిలలో 78 టీఎంసీలు పడతాయి, కాలేయంలో పట్టే గ్లైకోజెన్ సుమారు 100 గ్రాములే. అయినా ఉపవాసం ఉన్న రాత్రి మెదడును నిలబెట్టేది ఆ కొంచెమే.

కణం లోపలి సంకేతాల శాస్త్రంలో చాలా భాగం ఈ గ్లైకోజెన్ దగ్గరే పుట్టింది. గ్లైకోజెన్ ఎలా విడిపోతుందో చూపినందుకు కోరీ దంపతులకు 1947లో నోబెల్ వచ్చింది. అడ్రినలిన్ కణం లోపలికి పోకుండానే లోపలి పని ఎలా చేయిస్తుందని కాలేయం ముద్దలో వెతికి, బయటి కబురును కణం లోపల మోసే సైక్లిక్ ఏఎంపీ అనే రెండో దూతను పట్టుకున్న ఎర్ల్ సదర్లాండ్‌కు 1971లో వచ్చింది. ఆ సైక్లిక్ ఏఎంపీ తయారయ్యేది కణానికి శక్తినిచ్చే ఏటీపీ అనే అణువు నుంచి. 1929లో కండరాల్లో ఏటీపీని గుర్తించినవారిలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. మన పిల్లల పాఠాల్లో ఈ గొలుసంతా ఒకచోట కలిపి చెబితే ఎంత బాగుంటుందో.

హెచ్2 గ్రాహకం వాడేది ఈ సైక్లిక్ ఏఎంపీ దారినే. విచిత్రంగా రెండు దారులూ ఫాస్ఫోరిలేజ్ కైనేజ్ దగ్గరే కలుస్తాయి. ఒకటి కాల్షియంతో, రెండోది ఫాస్ఫేటు తగిలించడం ద్వారా ఆ ఒక్క ఎంజైమ్‌నే కదిలిస్తాయి. హిస్టమిన్ ఒక్కటే కాదు, వాసోప్రెసిన్, యాంజియోటెన్సిన్, అడ్రినలిన్ అనే హార్మోన్లు కూడా కాలేయంలో కాల్షియం దారి వాడుకుంటాయి. ప్రమాదం ముంచుకొచ్చినప్పుడు, రక్తపోటు పడిపోతున్నప్పుడు వచ్చే కబుర్లన్నీ చక్కెర వదలమనే చెప్పడంలో అర్థముంది. దెబ్బ తగిలిన ఒంటికి ముందు కావాల్సింది ఇంధనమే.

కానీ ఒక హెచ్చరిక అవసరం. జంతువును బట్టి ఈ కథ మారిపోతుంది. గినీ పిగ్ కాలేయ కణాల్లో హిస్టమిన్ పోస్తే ఫాస్ఫోరిలేజ్ చురుకవడం, ఐపీ3 కుటుంబానికి చెందిన అణువులు పెరగడం స్పష్టంగా కనిపించాయి. కుక్కల్లో హిస్టమిన్ దెబ్బ ముందు కాలేయ సిరల మీద పడుతుంది. అవి బిగుసుకుపోయి రక్తం కాలేయంలోనే నిలిచిపోతుంది. అందుకే కుక్కలకు తీవ్రమైన ఎలర్జీ షాక్ వచ్చినప్పుడు కాలేయమే మొదట దెబ్బతింటుంది. మనిషికి ఊపిరితిత్తులు, గుండె, రక్తనాళాలే ముందు తట్టుకోలేవు. ఒకే అణువు, ఒకే గ్రాహకం, కానీ ఏ కణం మీద ఎన్ని తలుపులున్నాయన్నది జాతిని బట్టి వేరు. ఒక జంతువులో కనిపించినదాన్ని మరుసటి రోజే మనిషికి అంటగట్టే వార్తలు చదివేటప్పుడు ఇది గుర్తుండాలి.

ఆ జాగ్రత్తతోనే అన్నిటికన్నా ఆసక్తికరమైన భాగానికి రావాలి. వైకుంఠ ఏకాదశి నాడు నెల్లూరు తల్పగిరి రంగనాథస్వామి గుడి ముందు క్యూలో నిలబడ్డవారిలో చాలామంది ఉపవాసం ఉంటారు. రంజాన్ నెలలో అదే ఊళ్లోని కోటమిట్ట వీధుల్లో సహరి నుంచి ఇఫ్తార్ దాకా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టరు. ఆ గంటల్లో కాలేయం లోపల ఒక పెద్ద మార్పు జరుగుతుంది. గ్లైకోజెన్ తరుగుతున్న కొద్దీ కాలేయం చక్కెర నుంచి కొవ్వు వైపు మళ్లుతుంది. కొవ్వు ఆమ్లాలను విరిచి కీటోన్లు తయారుచేస్తుంది. ఉపవాసం ఇంకా పొడిగిస్తే మెదడు కూడా వాటినే తింటుంది. ఈ మలుపు తిప్పేది ఇన్సులిన్ తగ్గడం, దానికి ఎదురు పనిచేసే గ్లూకాగాన్ అనే హార్మోన్ పెరగడం అని పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది. అది నిజమే. కానీ 2019లో ఎలుకల మీద వచ్చిన ఒక పరిశోధన ఇందులో ఎవరూ ఊహించని పాత్రను చూపింది. ఆ పాత్ర హిస్టమిన్‌దే.

ఎలుకలను పస్తు పెట్టినప్పుడు మాస్ట్ కణాల నుంచి హిస్టమిన్ పోర్టల్ సిరలోకి విడుదలవుతుంది. ఎలర్జీలో లాగా కుమ్మరింపు కాదు, కొద్దికొద్దిగా. అది కాలేయం చేరి హెచ్1 తలుపు తడుతుంది. ఈసారి దానికి జవాబుగా కాలేయం ఓలియోయిల్ ఇథనోలమైడ్ అనే కొవ్వు అణువును తయారుచేస్తుంది. అది కణ కేంద్రకంలోని పీపార్ ఆల్ఫా అనే ప్రొటీన్‌ను మేలుకొలుపుతుంది. కొవ్వును కాల్చే, కీటోన్లు తయారుచేసే ఎంజైమ్‌ల జన్యువులకు తాళం చెవి ఉన్నది పీపార్ ఆల్ఫా దగ్గరే. మాస్ట్ కణాలు లేని ఎలుకల్లో, హిస్టమిన్ కబురుకు అడ్డుకట్ట వేసిన ఎలుకల్లో ఈ వరస దెబ్బతిని, కీటోన్ల తయారీ తగ్గింది.

ఇదే ఓలియోయిల్ ఇథనోలమైడ్ చిన్నపేగులో, నూనె పదార్థం తిన్నాక, కడుపు నిండిందన్న కబురు మెదడుకు పంపుతుంది. తిన్నప్పుడు పేగులో ఒక మాట, తిననప్పుడు కాలేయంలో ఇంకో మాట. అణువుకు తనంతట తనకు అర్థం ఉండదు. చోటు, వేళ కలిసి దానికి అర్థం ఇస్తాయి. హిస్టమిన్ విషయంలోనూ అంతే. చెడిన కానాగంతలోంచి ఒక్కసారిగా వచ్చిపడితే అది విషం. ఖాళీ కడుపు వేళ తొణకకుండా వస్తే అది కొవ్వు కాల్చడం మొదలుపెట్టమనే కబురు. రెండూ చేరేది ఒకే సిర గుండా, తట్టేది ఒకే తలుపు. కాబట్టి హిస్టమిన్‌ను చెడ్డదనీ మంచిదనీ విడదీయడం కన్నా, ఎంత మోతాదు, ఎంతసేపు అని అడగడమే సరైన ప్రశ్న. ఎలుకల్లో తేలిన ఈ సంగతిని పట్టుకుని, ఉపవాసం నాడు ఎలర్జీ మాత్ర మానేయమని ఎవరైనా చెబితే నమ్మకూడదు. మాత్ర అవసరమైనవాళ్లు డాక్టరు చెప్పినట్టు వేసుకోవాల్సిందే.

కబురు అందాక దాన్ని చెరిపేయడం కూడా అంతే ముఖ్యం. మార్కాపురం పలక మీద ఒక లెక్క తుడిస్తేనే రెండో లెక్క రాయగలం. హిస్టమిన్ పలకను తుడిచే బట్ట కాలేయ కణం లోపలే ఉంది. కణం పొరలోని రవాణా ప్రొటీన్లు హిస్టమిన్‌ను లోపలికి లాగుతాయి. లోపల హిస్టమిన్ ఎన్-మిథైల్ ట్రాన్స్‌ఫెరేజ్ అనే ఎంజైమ్ దానికి ఒక మిథైల్ గుంపును తగిలిస్తుంది. ఆ చిన్న తగిలింపుతో హిస్టమిన్ ఇక గ్రాహకాలకు సరిగా అతుక్కోదు. తర్వాత మోనోఅమైన్ ఆక్సిడేజ్ దాన్ని ఇంకా విరిచి మూత్రంలోకి పంపుతుంది. ఆ మిథైల్ గుంపు వచ్చేది ఎస్-అడెనోసిల్ మిథియోనిన్ నుంచి. కాలేయం వందల పనులకు వాడుకునే ఖజానా అది. అంటే హిస్టమిన్‌ను వినే అవయవమే దాన్ని మట్టుపెట్టే అవయవం కూడా.

హిస్టిడిన్ విషయంలోనూ కాలేయం జాగ్రత్త ఇలాంటిదే. పప్పులో, చేపలో, పాలలో వచ్చిన హిస్టిడిన్‌లో ఎక్కువ భాగాన్ని కాలేయం హిస్టమిన్‌గా మార్చదు. హిస్టిడేజ్ అనే వేరే ఎంజైమ్‌తో యూరోకానిక్ ఆమ్లంగా, చివరికి గ్లూటమేట్‌గా మారుస్తుంది. ఈ దారి పూర్తి కావడానికి ఫోలేట్ కావాలి. చేప కుళ్లేటప్పుడు బ్యాక్టీరియా వేసే అడ్డదారి మన ఒంట్లో మాస్ట్ కణాలు, కడుపులోని కొన్ని కణాలు, మెదడులోని కొద్ది నాడీకణాలు లాంటి కొన్నిచోట్లే, అదుపులో, నడుస్తుంది.

మందుల సంగతి క్లుప్తంగా. హెచ్2ను అడ్డుకునే సిమెటిడిన్ కడుపు పుండ్ల చికిత్సను మార్చేసింది, దాన్ని తెచ్చిన జేమ్స్ బ్లాక్‌కు 1988లో నోబెల్ వచ్చింది. హిస్టమిన్ అణువులో భాగమైన ఇమిడజోల్ అనే వలయమే సిమెటిడిన్‌లోనూ ఉంది. ఆ వలయం కాలేయంలో మందులను విరిచే సైటోక్రోమ్ పీ450 ఎంజైమ్‌ల ఇనుముకు అతుక్కుంటుంది. దాంతో రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్, ఆస్తమాకు వాడే థియోఫిలిన్ లాంటి మందులు ఒంట్లో పేరుకుపోతాయి. తర్వాత వచ్చిన ఫామోటిడిన్‌లో ఆ వలయం లేదు, ఆ చిక్కు కూడా దాదాపు లేదు.

టెర్ఫెనాడిన్ కథ దీనికి అటువైపుది. నిద్రమత్తు తేని ఎలర్జీ మాత్రగా అది పేరు తెచ్చుకుంది. కానీ అసలు పని చేసేది మాత్ర కాదు, కాలేయం దాన్ని మార్చి తయారుచేసే ఫెక్సోఫెనాడిన్. ఎరిత్రోమైసిన్, కీటోకొనజోల్ లాంటి మందులు కాలేయం పనికి అడ్డుపడ్డప్పుడు మారని టెర్ఫెనాడిన్ రక్తంలో మిగిలి గుండె లయ తప్పించింది. 1990ల చివర్లో దాన్ని అమెరికా మార్కెట్ నుంచి తీసేశారు. ఇప్పుడు మెడికల్ షాపుల్లో దొరికేది ఫెక్సోఫెనాడిన్, అంటే ఒకప్పుడు కాలేయం చేసిపెట్టిన సరుకే.

చివరిగా కామెర్ల దురద. పిత్తం దారి మూసుకుపోయి కళ్లు పచ్చబడ్డ రోగికి, ముఖ్యంగా రాత్రిపూట, అరచేతుల్లో అరికాళ్లలో భరించలేని దురద ఉంటుంది. పైన ఎంత గీరినా కింద దద్దురు కనిపించదు. ఇంట్లో ఉన్న ఎలర్జీ మాత్ర వేస్తే కాస్త మత్తు వస్తుందేగానీ దురద తగ్గదు, ఎందుకంటే ఈ దురదకు ముఖ్య కారణం హిస్టమిన్ కాదు. రక్తంలో పేరుకునే పిత్త ఆమ్లాల వంటి పదార్థాలు దీని వెనక ఉన్నాయి. అందుకే దీనికి వాడే మందులు కూడా వేరు. పిత్త ఆమ్లాలను పేగులో పట్టుకునే కొలెస్టిరమైన్, అది చాలకపోతే డాక్టరు పర్యవేక్షణలో రిఫాంపిసిన్ ఇస్తారు. పిత్త నాళాల గోడ కణాల మీద హిస్టమిన్ గ్రాహకాలు ఉన్నమాట నిజమే. పిత్తం నిలిచిపోయే జబ్బుల్లో అక్కడ చేరే మాస్ట్ కణాల హిస్టమిన్ ఆ కణాలను పెరిగేలా చేస్తుందని జంతు ప్రయోగాలు చూపాయి. కాలేయంలో హిస్టమిన్ పని జరుగుతున్నా, చర్మం మీది దురద దానిది కాదు. కామెర్లతో దురద ఉన్నవాళ్లు సెట్రిజిన్ మీద, పసరు మీద వారాలు గడపకుండా బిలిరుబిన్, లివర్ పరీక్షలు, కడుపు స్కానింగ్ చేయించుకోవాలి. రాయి అడ్డం పడిందో, గడ్డ ఉందో తెలిసేది అక్కడే.